ఇంట్లో కొలవద్దన్నాను

నా కుడి భుజం పట్టేసి మూడు నెలలైంది. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోదు, అటక మీది డబ్బా అందదు, ఆదివారం మందిరంలో పాటకు అందరితో పాటు చెయ్యెత్తుదామంటే సగంలోనే ఆగిపోతుంది. వయసు మీద పడ్డాక ఒంట్లో కీళ్ళు ఒక్కొక్కటిగా రాజీనామా ఇస్తాయని మా ఆయన నవ్వుతారు. ఆయన మోకాళ్ళు ఏనాడో ఇచ్చేశాయి కనుక నవ్వే హక్కు ఆయనకుంది. చివరికి మా కోడలు పోరు పడలేక ఇంటికే వచ్చే ఒక ఫిజియోథెరపీ అమ్మాయిని పిలిపించుకున్నాం. ఆ పిల్ల సంచీలోంచి రెండు ప్లాస్టిక్ బద్దలను మధ్యలో మరతో బిగించిన కొలబద్ద తీసి, నా భుజానికి ఆనించి, చెయ్యి మెల్లగా పైకెత్తి, ఎక్కడ ఆగిందో ఆ అంకె రాసుకున్నది. రాసుకుని, "ఇంట్లో కూడా మీరే ఇట్లా ఎత్తుకుంటూ ఉండండి అమ్మా, ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు" అన్నది. ఆ మాటకు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొప్పి పుట్టిందనుకుని పాపం ఆ పిల్ల చెయ్యి వదిలేసింది. నేనూ నొప్పేనన్నాను.

ఆ కొలబద్దను గోనియోమీటరు అంటారు. ఆరేళ్ళపాటు అలాంటిది నా చేతిలోనే ఉండేది. నా ఈడువాళ్ళకు ఒక సంగతి తెలిసే ఉంటుంది, మనం చేసిన మంచి పనులు ఎవరైనా గుర్తు చేస్తే తప్ప గుర్తురావు, చేసిన చెడ్డపని మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది. నాకు అట్లా వచ్చి కూర్చునేది ఒకటుంది. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం మరచిపోవడం కాదు, సిగ్గు.

మాది ఏన్కూరు దగ్గర పల్లె. నాన్న మిషను బడిలో పంతులు. నన్ను నర్సు చదివించాలని ఆయనకు ఉండేది గానీ, నా పదో తరగతి లెక్కలు ఆయన కోరికను అక్కడితో ఆపేశాయి. పెళ్ళయ్యి పిల్లలు బడి బాట పట్టాక, ఒక మిషను ఆసుపత్రిలో ఆయాగా చేరాను. పక్షవాతం వచ్చినవాళ్ళ కాళ్ళూ చేతులూ ఆడించడం చూసి చూసి నేర్చుకున్నాను. నా చెయ్యి నెమ్మదిగా పడుతుందని డాక్టర్లు అనేవాళ్ళు. నలభై దాటాక, అంటే రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్ద డాక్టరుగారు నన్ను తన పరిశోధనలోకి తీసుకున్నారు. మేమంతా ఆయన్ని పెద్దసారు అనేవాళ్ళం. ఆయాను కాస్తా ఒక్కరోజులో సిస్టరమ్మనైపోయాను. తెల్లకోటు ఇచ్చారు, జేబు మీద నా పేరు కుట్టించుకున్నాను. ఆ కోటు ఉతికిన రోజున ఇంకెవరూ తాకకుండా దండెం దగ్గర కాపలా కాసేదాన్ని, అంత మురిపెం.

పరిశోధన దేని మీదంటే, పుట్టేటప్పుడు మెదడుకు దెబ్బతగిలి కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయే పిల్లల మీద. డాక్టర్లు దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారు. మా వైపు ఊళ్ళలో కాళ్ళు రాని పిల్ల, కాళ్ళు రాని పిలగాడు అని ఊరుకునేవాళ్ళు. అలాంటి పిల్లలకు తొడలు లోపలికి బిగిసి, కాళ్ళు కత్తెర పడ్డట్టు ఒకదాని మీద ఒకటి వచ్చేస్తాయి. అట్లాగే వదిలేస్తే కొన్నేళ్ళకు తుంటి ఎముక గూడులోంచి జారుతుంది, జారిందంటే ఇక కూర్చోబెట్టడమూ కష్టమే, నొప్పి కూడా. రోజూ ఇంటికే ఒక మనిషి వెళ్ళి, ఆ కాళ్ళను మెల్లగా విడదీసి సాగదీసి, ఎడంగా ఉంచే చెక్కబద్ద కట్టి వస్తే ఏ మేరకు గుణం కనిపిస్తుందో తేల్చాలన్నది పెద్దసారు తలపెట్టిన పని. పినపాకలో ఒక పెంకుటిల్లు కిరాయికి తీసుకుని సెంటరు పెట్టారు. నేను వారమంతా అక్కడే ఉండి శనివారం సాయంత్రం బస్సులో ఖమ్మంలో మా ఇంటికి వచ్చేదాన్ని.

తేల్చాలంటే పోల్చాలి కదా. అందుకని చేరిన పిల్లలను రెండు గుంపులు చేశారు. ఎవరు ఏ గుంపో మేం ఎంచకూడదు, అంటించిన కవర్లు ఉండేవి, వచ్చినవాళ్ళకు వరసలో కవరు తెరిచేవాళ్ళం. ఒక గుంపుకు ఇంటి దగ్గర రోజూ థెరపీ. రెండో గుంపుకు ఏడాదిపాటు నెలకొకసారి కొలత మాత్రమే, ఏడాది తిరిగాక వాళ్ళకూ థెరపీ ఇస్తామని మాట. ఈ సంగతి కాగితం మీద పుస్తకాల తెలుగులో రాసి ఉండేది. ఆ తెలుగు ఎట్లాంటిదంటే, పంతులు కూతుర్నైన నాకే సగం అర్థమయ్యేది కాదు. దాన్ని నేను ఆదివారం వాక్యం చదివినట్టు గడగడా చదివితే, పిల్లల తల్లిదండ్రులు బొటనవేలు ముందే చాపి కూర్చునేవాళ్ళు. చదవడం అయిపోయిందని వాళ్ళకు తెలిసేది నేను ఇంకుప్యాడు తెరిచినప్పుడే.

కొలిచేవాళ్ళకు ఏ పిల్లవాడు ఏ గుంపో తెలియకూడదని ఇంకో నియమం. పట్నంలో నడుస్తుందేమో గానీ పినపాకలో ఆ ముచ్చట ఎక్కడ దాగుతుంది? ఎవరి గుడిసెకు మా మనిషి సైకిలు మీద వెళుతున్నాడో బస్సు ఆగే చోట టీ కొట్టాయనకు కూడా తెలుసు. అయినా తెలియనట్టే కొలిచేవాళ్ళం. తెలియనట్టు ఉండడం అనే విద్య నాకు అక్కడే బాగా పట్టుబడింది.

నేను చెప్పబోయే తల్లి మొదటిసారి వచ్చింది వానలు తగ్గుముఖం పట్టాక. ఇరవై రెండేళ్ళుంటాయేమో. అడవి లోపలి గూడెం, రెండు వాగులు దాటి రావాలి, బస్సు లేదు. తెలుగు వచ్చు గానీ ఇంట్లో వాళ్ళ మాట వేరే. మూడేళ్ళ కొడుకును పాత చీరతో వీపుకు కట్టుకుని వచ్చింది. ఆ బరువుతో అంత దూరం నడిచి వచ్చిన మనిషి గడపలో చెమట తుడుచుకోకముందే, కొడుకు నోటి దగ్గరి చొంగ తుడిచి, జుట్టు సర్ది, అప్పుడు మా ముందు దించింది. పిల్లవాడి కళ్ళు చురుకు, నవ్వు ముందు, మాట వెనక. కాళ్ళు మాత్రం అప్పుడప్పుడే బిగుస్తున్నాయి. ఆమె కవరు తెరిస్తే రెండో గుంపు వచ్చింది. కొలత మాత్రమే.

మా కొలత ఎట్లా ఉండేదో చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. పిల్లవాడిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళను మెల్లగా, ఏడిపించకుండా, ఎంతవరకు పోతే అంతవరకు విడదీసి, పది లెక్కపెట్టేదాకా అట్లాగే పట్టుకుని, తుంటి దగ్గర గోనియోమీటరు ఆనించి కోణం చూసేదాన్ని. ఆ తర్వాత టేపుతో మోకాలి నుంచి మోకాలికి దూరం. ఒక కాలు, ఇంకో కాలు, మళ్ళీ మొదటి కాలు. అరగంట పట్టేది. ఆమె బల్ల పక్కనే నిలబడి రెప్ప వెయ్యకుండా చూసేది. అయిపోయాక నేను కాగితాల్లో రాసుకుంటూ వచ్చే నెల ఫలానా వారం రమ్మంటే తలూపి, పిల్లవాడిని కట్టుకుని వెళ్ళిపోయేది. మందు అడగలేదు, మాత్ర అడగలేదు. సూది వెయ్యకపోతే వైద్యమే కాదనే ఆ వైపు జనంలో ఇట్లాంటి మనిషి ఎక్కడిదా అని నాకు ఆశ్చర్యం వేసేది.

మూడో నెలలోనో ఏమో, ఆమే ఆ ఆశ్చర్యం తీర్చింది. వాళ్ళ గూడెంలో పిల్లలకు నలత వస్తే, ఊరి పెద్దాయన ఒకాయన పసుపు రాసిన కొత్త నూలుపోగు తీసుకుని పిల్లను తల నుంచి పాదం దాకా, ఈ చేతి కొస నుంచి ఆ చేతి కొస దాకా కొలుస్తాడట. కొలిచిన చోట ముడి వేస్తాడట. వారం వారం అదే రోజున కొలుస్తూ పోతే కొలత సరిపడిన నాడు జబ్బు విడిచిపోతుందట. కొలతంటే ఆమెకు లెక్క రాసుకోవడం కాదు, వైద్యమే.

"మా పెద్దాయన గూడ గిట్లనే కొలుస్తడు సిస్టరమ్మా. ఆయనది నూలుపోగు, మీది మిషను. కొలిసినకొద్ది జబ్బు దిగుతది గదా" అన్నది.

నేను నవ్వాను. కాదమ్మా, ఇది వైద్యం కాదు, నీ పిల్లవాడికి మేమింకా ఏ వైద్యమూ మొదలుపెట్టలేదు అని అప్పుడే చెప్పవలసింది. ఎందుకు చెప్పలేదంటే, అప్పటికే ఇద్దరు తల్లులు, ఏమీ చెయ్యకుండా ఊరికే ఎందుకు తిప్పుతున్నారని మానేశారు. ఇంకొక్కరు మానేసినా ఇన్నాళ్ళ పని నీళ్ళపాలని పెద్దసారు మీటింగులో దిగులుపడ్డారు. ఆయన దిగులుపడితే నాకు నిద్ర పట్టేది కాదు, ఎందుకంటే పరిశోధన పూర్తయ్యి అచ్చయిన నాడు చివర్లో సాయపడినవాళ్ళ పేర్లలో నా పేరు కూడా వేస్తానని ఆయన మాటిచ్చారు. ఆయాగా పన్నెండేళ్ళు బెడ్‌పానులు కడిగిన మనిషిని నేను. డాక్టర్లు చదివే పుస్తకంలో నా పేరు! ఆ ఆశ నన్ను ఎంత చిన్నదాన్ని చేసిందో అప్పుడు తెలియలేదు. ఆమె నమ్మకం ఆమెది, ఎవరికి ఏం నష్టం అని సరిపెట్టుకున్నాను. పైగా నెల తప్పకుండా వస్తున్నది కదా అని లోపల సంతోషించాను కూడా.

అయిదో నెలలో ఒక వింత జరిగింది. ఆ గుంపులో పిల్లలందరి అంకెలూ తగ్గుతూనో, ఉన్నచోట ఉంటూనో ఉంటే, ఆ పిల్లవాడి అంకె పెరిగింది. అంతకుముందు నెలే కాస్త పెరిగితే నా చెయ్యి పొరపాటేమో అనుకున్నాను. ఈసారి రెండుసార్లు కొలిచాను, పెరిగిన మాట నిజమే. కాళ్ళు నా చేతుల్లో ముందటంత బిర్రుగా లేవు. వాడు కిలకిలా నవ్వుతూ బల్ల మీద తట్టాడు. ఆమె ముఖం చూస్తే, పరీక్ష పాసైన పిల్లలా ఉంది. నేను అడగకముందే రొంటిన దోపుకున్న నూలుపోగు తీసి నా చేతిలో పెట్టింది. పోగు నిండా ముళ్ళు.

చేసినదేమిటంటే, కొలిస్తే జబ్బు దిగేటప్పుడు నెలకొక్కసారే ఎందుకు కొలవాలని ఆమెకు తోచింది. పొద్దునా సాయంత్రమూ పిల్లవాడిని చాప మీద పడుకోబెట్టి, నేను చేసినట్టే మెల్లగా కాళ్ళు విడదీసి, పట్టుకుని, పోగుతో మోకాలి నుంచి మోకాలికి కొలుస్తున్నది. నేను పది లెక్కపెట్టడం చూసింది గానీ ఆమెకు ఆ లెక్క రాదు. అందుకని వాళ్ళ విత్తనాల పండుగ పాటలో ఒక చరణం అయ్యేదాకా పట్టుకునేదట. నాకు ఆ చరణం పాడి వినిపించింది. అది నా పది కంటే ఎంతో పెద్దది, థెరపీ గుంపులో మా మనుషులు పట్టుకునేదాని కంటే కూడా పెద్దది. పిల్లవాడికి పాటంటే ఇష్టం కనుక కాళ్ళు వదులుగా వదిలేవాడట. పోగు మీద ముడికీ ముడికీ మధ్య జానెడు దూరం లేకపోయినా, ప్రతి ముడీ ముందుదాని కంటే ఒక గోరు వాసి ముందుకే ఉంది. చదువు రాని ఆ పిల్ల రాసుకున్న లెక్క అది. నిజం చెప్పాలంటే, మా కాగితాల కంటే శుభ్రంగా ఉంది.

ఆ క్షణంలో నాలో ఇద్దరు మనుషులు లేచారు. పక్షవాతం వాళ్ళ కాళ్ళు ఆడించి బతికిన ఆయా, శభాష్ తల్లీ, ఇట్లాగే చెయ్యి, ఇంకో రెండు చరణాలు పాడు అనబోయింది. తెల్లకోటు సిస్టరమ్మ ఆ ఆయా నోరు నొక్కేసింది. కొలత గుంపులో పిల్లవాడికి ఇంట్లో థెరపీ లాంటిదే జరుగుతుంటే ఇక పోలిక ఎక్కడిది?

ఆ సాయంత్రం ఫోను బూత్ నుంచి పెద్దసారుకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, తప్పు ఆయన మీదికి నెట్టి నేను పక్కకు జరగలేను. జరిగినదంతా కాగితం మీద రాసి పెట్టమన్నారు. ఏడాది అయ్యేదాకా ఇంట్లో కొత్తవేమీ చెయ్యకుండా ఉంటే మంచిదనీ, కారణం ఆమెకు అర్థమయ్యేలా చెప్పమనీ, ఒప్పుకోకపోతే బలవంతం లేదు, మానేయవచ్చనీ అన్నారు. అర్థమయ్యేలా చెప్పమన్నారు. నేను అర్థమయ్యేలానే చెప్పాను.

ఆరో నెల ఆమె వచ్చినప్పుడు అంకె ఇంకాస్త పెరిగి ఉంది. నేను కోటు సర్దుకుని, ముఖం గంభీరంగా పెట్టి, "ఇక మీద ఇంట్ల కొలవకమ్మా. ఇద్దరి చేతులు పడితే కొలత పట్టదు" అన్నాను.

ఆమె తలూపింది. "అవ్, మా పెద్దాయన గూడ గట్లనే అంటడు" అన్నది.

అంతే, ఇంకేమీ అడగలేదు. అబద్ధాన్ని ఆమె నమ్మకంలోంచే తీసి, ఆమె భాషలోనే చెప్పాను కనుక అడగడానికి ఏమీ మిగల్లేదు. పోగు ఇక్కడే పెట్టి పొమ్మంటే బల్ల మీద పెట్టి, పిల్లవాడిని వీపుకు కట్టుకుని వెళ్ళిపోయింది. పోగును సొరుగులో వేశాను. సెంటరు ఖాళీ చేసినప్పుడు అది చిత్తుకాగితాలతో పాటు ఎటో పోయింది.

ఏడో నెల నుంచి అంకె తగ్గడం మొదలైంది. ఎనిమిదో నెలకు ఇంకా తగ్గింది. కాళ్ళు ముట్టుకుంటే ఏడవడం మొదలుపెట్టాడు. నేను కొలుస్తున్నంతసేపూ ఆమె పెదవులు కదిలేవి, పాట పైకి పాడేది కాదు, పాడితే తన చెయ్యి పడినట్టవుతుందనో ఏమో. తొమ్మిదో నెలలో, తాను ఇంట్లో కొలిచిన దోషం ఎన్నాళ్ళకు పోతుందని నన్ను అడిగింది. నేను రాసుకుంటున్నట్టు తల వంచుకుని, పోతుందిలే అన్నాను. ఆ మాట అన్నానన్నది తలచుకుంటే ఈరోజుకీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. దోషం లేదని చెప్పలేదు. ఉందని ఒప్పుకుని, పోతుందన్నాను.

ఏ పిల్లవాడైనా ముందటికంటే బాగా బిగుసుకుపోతుంటే, గుంపుతో పని లేకుండా ఎముకల డాక్టరుకు చూపించాలని ఆ కాగితాల్లోనే ఒక వాక్యం ఉండేది. నేను చదివాను. ప్రతి నెలా పెద్దసారుకు అంకెలు పంపేదాన్ని గానీ, వాటి పక్కన ఏడుస్తున్నాడని రాయలేదు. ఇంకో మూడు నెలలే కదా, తర్వాత వీడికీ థెరపీ వస్తుంది కదా అనుకున్నాను.

ఏడాది తిరిగింది. పరిశోధన గట్టెక్కింది, థెరపీ గుంపుకూ కొలత గుంపుకూ తేడా బాగానే వచ్చిందని పెద్దసారు స్వయంగా వచ్చి మాకు స్వీట్లు పంచారు. ఆ తేడాలో కొంత, ఒక తల్లి పాట ఆపించి నేను తెచ్చిన తేడా అని నాకు ఒక్కదానికే తెలుసు. రెండో గుంపుకు థెరపీ మొదలుపెట్టాలి. మొదలుపెట్టే లోపే, ఇంటింటికీ తిరిగి థెరపీ చేసే మా ఇద్దరు కుర్రాళ్ళకు మణుగూరు వైపు వేరే ఉద్యోగాలు దొరికాయి, పెంకుటింటి కిరాయి గడువు అయిపోయింది, పెద్దసారుకు వేరే ఊళ్ళో వేరే పని వచ్చింది. కొద్దిరోజుల్లో వస్తాం, వస్తాం అంటూ సెంటరుకు తాళం పడింది. నాకు ఖమ్మంలో ఒక ఆసుపత్రిలో పని దొరికింది. అచ్చయిన కాగితం పోస్టులో వచ్చింది, చివర్లో చీమ తలంత అక్షరాల్లో ఇంగ్లీషులో నా పేరు. ఆ ఆదివారం మందిరంలో లేచి సాక్ష్యం చెప్పాను. అడవి పిల్లల సేవకు దేవుడు ఈ పనికిమాలినదాన్ని వాడుకున్నాడని చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. మా అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. నేను కూర్చున్నాక వీపు మీద ఏదో బరువు ఉన్నట్టనిపించి, మళ్ళీ పాటకు లేవలేకపోయాను.

ఆ ఎండాకాలం మనసు ఊరుకోక, అశ్వారావుపేటలో చుట్టాల పెళ్ళికని ఇంట్లో చెప్పి, బస్సులు మారి, ఆ గూడెం వెళ్ళాను. బీడీలు చుట్టే తునికాకు కోత రోజులు. వాగులు ఎండి ఇసుక కాలుతున్నది. దారి అడిగి అడిగి వెళ్ళేసరికి ఆమె ఇంటి ముందు పందిరి కింద కూర్చుని ఆకు కట్టలు కడుతున్నది. నన్ను చూసి గబగబా లేచి, చేతులు కడుక్కుని, మంచం వాల్చి, నీళ్ళిచ్చింది. పిల్లవాడు పక్కన గోనె మీద ఒక వైపుకు ఒరిగి పడుకుని ఉన్నాడు. కాళ్ళు ఒకదాని మీద ఒకటి మెలిపడ్డాయి. నన్ను చూడగానే ఏడుపు ఎత్తుకున్నాడు. తెల్లకోటు లేకపోయినా గుర్తుపట్టాడు. నేను తొడ మీద చెయ్యి వేసి చూశాను. గోనియోమీటరు అక్కర్లేదు, ఎడమ తుంటి జారుతున్నదని చేతికే తెలిసింది.

నా పక్కన కింద కూర్చుని ఆమె అడిగింది. "నేను ఇంట్ల కొలిసినందుకే గదా సిస్టరమ్మా గిట్లయింది. నువ్వు వద్దన్నంక ముట్టలే. మళ్ళ ఎప్పటిసంది కొలవాలె?"

కాదు అనే మాట ఎంత చిన్నది. నీ వల్ల కాదు, నీ చెయ్యే వాడికి మందు, దాన్ని నేను ఆపాను. ఇంతే చెప్పాలి. దారంతా అనుకుంటూనే వెళ్ళాను. ఆమె ముఖం చూశాక నోరు రాలేదు. ఆమె కొట్టినా తిట్టినా పడేదాన్నేమో, కానీ చెప్పాక ఆమె ఏమీ అనకుండా అట్లాగే నన్ను చూస్తుందేమోనని భయపడ్డాను. "ఇయ్యాల్టి నుంచి కొలుసుకో అమ్మా" అన్నాను. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయి ఎముకల డాక్టరుకు చూపించమని ఒక చీటీ రాసి ఇచ్చాను. ఆమె చీటీని కళ్ళకద్దుకుంది. నేను తిరిగి వాగు ఇసుకలో నడుస్తుంటే వెనక నుంచి ఆమె పాట అందుకోవడం, ఆ వెంటే పిల్లవాడు గట్టిగా ఏడవడం వినిపించాయి. అప్పుడైనా వెనక్కి తిరగవలసింది. అడుగు వేగం పెంచాను.

మళ్ళీ ఆ వైపు పోలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ మండలంలో పనిచేసిన ఒక నర్సమ్మ కనబడితే మాటల్లో అడిగాను. ఆపరేషనుకు పట్నం పొమ్మన్నారట, వాళ్ళు పోలేకపోయారట. పిల్లవాడు పెద్దవాడై, సంతరోజున తల్లి పక్కన బండకు ఆనుకుని ఒక వైపుకే కూర్చుని చింతపండు అమ్ముతాడట, మాట బాగా వచ్చిందట. మాట బాగా వచ్చినందుకు ఎంత సంతోషించానో, ఒక వైపుకే అన్నందుకు అంత కుంగిపోయాను. ఆ సాగదీతల వల్ల పెద్ద ప్రయోజనం లేదని తర్వాత్తర్వాత డాక్టర్లే వాదించుకున్నారని మా కోడలు ఏదో సందర్భంలో చెప్పింది. ఆ మాటను కొన్నాళ్ళు మాత్రలా వేసుకుని చూశాను. పనిచెయ్యలేదు. ఆమె పాటతో వాడి తుంటి నిలిచేదో లేదో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఆమె చెయ్యి ఆపడానికి నేను అబద్ధం చెప్పానన్నది మాత్రం నాకు తెలుసు.

ఇప్పుడు కాలం చాలా మారింది. ఆ గూడెం దాకా తారు రోడ్డు పడిందంటున్నారు, వాగు మీద వంతెన కూడా వచ్చిందట. ఇట్లాంటి పిల్లలకు ఏం చెయ్యాలో ఫోనులో బొమ్మలతో సహా దొరుకుతున్నది. నాతో పనిచేసిన పాత సిస్టర్లు ఎప్పుడైనా కలిస్తే ఒకటే సణుగుడు, ఈ కాలం తల్లులకు మన మాటంటే లెక్క లేదు, ప్రతిదానికీ ఎందుకని అడుగుతారు, మనం చెప్పేది ఒకటి, వాళ్ళు ఫోనులో చూసేది ఒకటి, ఆ రోజుల్లో ఎట్లా నమ్మేవాళ్ళు, దేవుడి మాటలా వినేవాళ్ళు కదా అని. వాళ్ళతో పాటు నేనూ తలూపుతాను గానీ, అడిగే తల్లులను చూసినప్పుడల్లా నా మనసు చల్లబడుతుంది. అడగనీ, గొడవపడనీ, మన మాట నమ్మకుండా తమ చేతికి తోచినది చేసుకోనీ.

రాస్తూ రాస్తూ ఇంత దూరం వచ్చాను. నా వయసువాళ్ళు మీరు చదువుతారు, అయ్యో అంటారు, ఇన్నాళ్ళకైనా ఒప్పుకుంది పాపం అని నన్ను కాస్త మన్నిస్తారు కూడా. అది నాకు తెలుసు. కానీ ఈ మాట చేరవలసిన మనిషి మీలో లేదు. తన చెయ్యి పడడం వల్లే కొడుకు అట్లా అయ్యాడని ఈ పూట కూడా అనుకుంటూ ఉంటుంది ఆమె. ఆమెకు చదువు రాదు. అందుకే ఇదంతా ఇంత ధైర్యంగా రాయగలిగాను.